కథలో సంభాషణలు చప్పగా ఉంటే ఏం చేయాలి?

ఇతివృత్తం బాగున్నా సంభాషణల్లో జీవం లేదని కథలు తిరిగి వస్తున్నాయని రాస్తూ, మీరు ఒక వాక్యాన్ని ఉదాహరణగా ఇచ్చారు: “నాన్నా, మన బత్తాయి తోటకు మూడేళ్లుగా ధర రావడం లేదు, బోరు ఎండిపోయింది, బ్యాంకు అప్పు తీర్చాలి కదా!” ఇందులో చిక్కు భాషలో లేదు. ఆ మూడు సంగతులూ తండ్రికి కొడుకు కంటే బాగా తెలుసు. కొడుకు తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకొని పాఠకుడికి సమాచారం చెబుతున్నాడు.

మాది నల్లగొండ జిల్లా. బత్తాయి తోట ఉన్న ఇంట్లో పెరిగినందువల్ల, మనుషులు ఒక మాట మనసులో పెట్టుకొని మరో మాట ఎలా అంటారో తోట బేరాల దగ్గరే ఎక్కువగా విన్నాను. బేరగాడు తోటంతా తిరిగి వచ్చి, ధర ఊసెత్తకుండా ఇలా మొదలుపెడతాడు:

“కాయకు మంగు బాగనే తగిలినట్టుందే?”

“పొద్దుగాల హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి సూసిపోయిండు.”

“తరుగు ఎంత అడిగిండు?”

“చాయ్ తాగుతవా?”

నల్లి వల్ల తొక్క రంగు మారి మచ్చ పడడమే మంగు. లోపలి రసానికి పెద్దగా ఏమీ కాకపోయినా ధర మాత్రం పడిపోతుంది. అందుకే రైతు ఆ మాట విననట్టే ఉండి, వచ్చాడో లేదో తెలియని ఇంకొక బేరగాడిని మధ్యలోకి తెచ్చాడు. మొదటివాడు దాన్ని అబద్ధమని అనకుండా, తరుగు (తూకంలో కోత) ఎంత అడిగాడని, అబద్ధమైతే బయటపడే ప్రశ్న వేశాడు. ఏ మాటా ముందు మాటకు సూటి జవాబు కాదు, ధర ఎంతో ఎవరూ అనలేదు, అయినా ఎవరికి ఏం కావాలో మనకు తెలిసిపోతోంది. మీ తండ్రీకొడుకులకు కూడా ముందుగా చెరొక కోరిక ఇవ్వండి. కొడుక్కి తోట అమ్మాలని ఉంది, తండ్రికి ఆ మాట వినాలని లేదు అనుకుందాం.

“పెద్దనాయిన తోటల ప్లాట్లు జేస్తున్నరంట.”

“స్టార్టర్ సూసొస్తివా?”

“నీళ్లే లేని బోరుకు స్టార్టర్ ఎందుకు నాయినా?”

బోరు సంగతి కోపంలో దానంతటదే బయటికి వచ్చింది. అప్పు ఇక్కడ రాకపోయినా నష్టం లేదు, రెండు పేజీల తర్వాత బ్యాంకు నోటీసు వచ్చినప్పుడు తెలుస్తుంది.

యాస గురించి కూడా అడిగారు. ‘వచ్చాడు’ను ‘వచ్చిండు’గా మార్చినంత మాత్రాన సంభాషణ తెలంగాణది అయిపోదని నా అభిప్రాయం, పిలుపులోనే అసలు సంగతి ఉంది. మా ఊళ్లలో కొడుకు తండ్రిని “నువ్వు తిన్నవా నాయినా” అనే అడుగుతాడు, గౌరవమంతా ‘నాయినా’లోనే ఉంటుంది. అదే కొడుకు ఒకనాడు ఉన్నట్టుండి ‘మీరు’ అన్నాడంటే, ఇంట్లో ఏదో గొడవ జరిగిందని ఇక్కడి పాఠకుడు వెంటనే అనుమానిస్తాడు. ఒక జిల్లా అంతటా ఒకే మాట ఉంటుందనుకోవడం కూడా సరికాదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు గుంటూరు ప్రాంతపు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి కాబట్టి, అక్కడి చాయ్ హోటల్లో ‘వచ్చాడండి’, ‘వచ్చిండు’ ఒకే బల్ల మీద వినిపిస్తాయి. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు వలసపోయి వచ్చిన మనిషి నోట హిందీ ముక్కలు దొర్లుతాయి. ఈ తేడాను వాడుకుంటే ఎవరు ఎక్కడివారో విడిగా వివరించే పని తప్పుతుంది. అయితే ఒక పాత్ర నోట ‘సూసి’ అని రాస్తే చివరి దాకా అలాగే రాయాలి.

మాట తర్వాత ‘అన్నాడు’, ‘అంది’ చాలు. ‘వాపోయాడు’, ‘హుంకరించాడు’ వంటివి రాయాలనిపించిన ప్రతిచోటా ఆ మాటలోనే బలం తక్కువైందేమో చూసుకోండి. ఇద్దరే మాట్లాడుతున్నప్పుడు, మధ్యలో ఒక ‘మామా’, ఒక ‘వదినా’ పడితే ఆ ‘అన్నాడు’ కూడా చాలాచోట్ల అవసరం ఉండదు.

నేను రాసిన సంభాషణను ఇంట్లో ఎవరికైనా ఇచ్చి ఒక పాత్రను వాళ్లతో పైకి చదివిస్తాను, రెండో పాత్రను నేను చదువుతాను. చదివేవారు ఎక్కడ తడబడతారో, ఎక్కడ రాసిన మాటను వదిలేసి తమకు అలవాటైన మాట అనేస్తారో అక్కడ గీత పెట్టుకొని, ఆ ఒక్క మాటనే మళ్లీ రాస్తాను.