బొమ్మలు వేస్తే సముద్రం ఆగుతుందా?

ప్రశ్న: మాది కాకినాడ. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఫస్టియర్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, బొమ్మల చదువు చదువుతాను, వాతావరణ మార్పు గురించి బొమ్మలతో జనానికి చెబుతాను అంటోంది. వాళ్ల అమ్మమ్మగారి ఊరు సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పాడ. ఆదివారం వెళ్లినప్పుడల్లా ఒకే చోట కూర్చుని అదే గోడ, అవే రాళ్లు గీస్తుంది. నలభై బొమ్మల దాకా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. పరీక్షలయ్యే దాకా ముట్టుకోవద్దని ఆ పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. బొమ్మలు వేస్తే సముద్రం ఆగుతుందా? ఒకవేళ చదివించాలంటే బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) మంచిదా, బీడెస్ (డిజైన్ డిగ్రీ) మంచిదా? ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ‘సస్టెయినబుల్ డిజైన్’ కోర్సు ఉందని, సీటు బుక్ చేసుకోమని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు ఆ బీరువా తాళం తీయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మీలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఊరు మారుతుంది, గ్రూపు మారుతుంది, అడిగేది మాత్రం ఒకటే. రెండు కోర్సుల పేర్లు రాసి ఏది మంచిదని అడుగుతారు. దాని వెనక ఉన్న భయం వేరు. రేపు మనం లేని రోజున ఈ పిల్ల ఎలా బతుకుతుంది, స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, మంచి మార్కులున్న పిల్లను చేతులారా పాడు చేశామంటారేమో... ఇవే కదా? ఈ భయం తప్పు కాదు. ఆడపిల్ల తండ్రిగా మీకు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. కానీ భయంతో తీసుకున్న మొదటి నిర్ణయమే పుస్తకాలకు తాళం వేయడం అయింది. అది నాకు నచ్చలేదు.

ఆ నలభై బొమ్మలూ ఒకేలా ఉన్నాయన్నారు. ఒకసారి వాటిని బయటికి తీసి, తేదీల వరసలో హాల్లో నేల మీద పరవండి. మొదటి బొమ్మనూ చివరి బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉప్పాడ ఒడ్డు ఏడాది పాటు ఒకేలా ఉండే ఒడ్డు కాదు. అక్కడ రోడ్డు ఎన్నిసార్లు కోతకు గురైందో, ఎన్ని ఇళ్లు సముద్రంలో కలిశాయో నాకంటే మీకే బాగా తెలుసు. మీ అమ్మాయి గీసేది గోడను కాదు, ఆ గోడ ఎలా పోతోందో గీస్తోంది. అందుకే మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లి కూర్చుంటోంది.

జేమ్స్ బేలాగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ 2007లో సరిగ్గా ఇదే పని మొదలుపెట్టాడు. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, అలాస్కాల్లో హిమానీనదాల ఎదురుగా కెమెరాలు బిగించి, ఏళ్ల తరబడి అదే చోటు, అదే కోణం ఫొటోలు తీయించాడు. విడిగా చూస్తే ఒక్కొక్కటీ మంచు ఫొటో, అంతే. వరసగా చూస్తే ఒక మంచు కొండ వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోవడం కనిపిస్తుంది. మీరు ‘ఒకేలా ఉన్నాయి’ అన్న మాటే ఆ పనికి ప్రాణం.

ఇక మీ పెద్ద ప్రశ్న. బొమ్మలు వేస్తే సముద్రం ఆగుతుందా? ఆగదు. ఉప్పాడలో రాళ్లు వేశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో జియోట్యూబ్ గోడ కట్టారు, అదీ దెబ్బతింది. ఇంజినీర్లు ఆపలేకపోయినదాన్ని పద్దెనిమిదేళ్ల పిల్ల పెన్సిల్‌తో ఆపాలని ఎందుకు అడుగుతున్నారు? బొమ్మ చేయగలిగిన పని వేరే ఉంది. స్కాట్లండ్‌కు పడమరన నార్త్ యూయిస్ట్ అనే దీవి ఉంది. అక్కడ సముద్రం పక్కనే ఒక మ్యూజియం, ఆర్ట్ సెంటర్ ఉన్నాయి. 2018లో ఇద్దరు ఫిన్లండ్ కళాకారులు ఆ భవనాల గోడల చుట్టూ తెల్లటి లైట్ గీత ఒకటి అమర్చారు. పోటు వచ్చినప్పుడు సెన్సర్ దాన్ని వెలిగిస్తుంది. ముందు ముందు సముద్రం ఎంత ఎత్తుకు రావచ్చో ఆ గీత చెబుతుంది. చీకట్లో అక్కడ నిలబడినవాడికి గీత ఎక్కడుందో, తన తల ఎక్కడుందో ఎవరూ వివరించక్కర్లేదు. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ నివేదిక చెబుతుంది. ఆ వాక్యం చదివి మనం పేజీ తిప్పేస్తాం. గోడ మీద గీత చూసినవాడు ఇంటికెళ్లి తన గోడ వైపు చూస్తాడు.

లెక్కల మాస్టారు కాబట్టి మీకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఎడ్ హాకిన్స్ అనే వాతావరణ శాస్త్రవేత్త 2018లో ‘వార్మింగ్ స్ట్రైప్స్’ అని ఒక బొమ్మ తయారు చేశారు. ఏడాదికొక నిలువు చార. చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు. అంకెలు లేవు, అక్షరాలు లేవు, అక్షాలు కూడా లేవు. మీరు ఎనిమిదో తరగతికి చెప్పే గ్రాఫులోంచి అన్నీ తీసేసి రంగు ఒక్కటే మిగిల్చాడాయన. ఎడమ నుంచి కుడికి చూపు కదిలిస్తే భూమి వేడెక్కడం కనిపిస్తుంది. చదువురాని మా అమ్మమ్మ కూడా చూసి, “ఇటు వైపు కాలిపోతోందేమిటే” అనేది.

అయితే అన్ని బొమ్మలూ పని చేయవు. ఈ మాట మీ అమ్మాయికి కూడా చదివి వినిపించండి. ధరిత్రీ దినోత్సవం పోటీలకు వచ్చే పోస్టర్లు నేను చాలా చూశాను. నోట్లో థర్మామీటర్ పెట్టుకున్న భూగోళం, ఏడుస్తున్న భూగోళం, సగం పచ్చగా సగం ఎండిపోయిన చెట్టు. వేసిన పిల్లల్ని నేను తప్పుపట్టను, వాళ్లకు అవే నేర్పారు. కానీ వాటిని చూసి ఎవరూ ఆగరు. 2015లో పారిస్ వాతావరణ సదస్సు జరిగినప్పుడు ఆ నగరంలో ప్రదర్శించిన 37 కళాకృతులు చూసిన 874 మందిని నార్వే పరిశోధకులు ప్రశ్నలడిగారు. భయపెట్టే బొమ్మల కంటే, ఒక దారి చూపిస్తూ ఆశ్చర్యపరిచిన కొద్ది పనులే మనసులో గట్టిగా నిలిచాయని తేలింది. 2023లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల గ్రాఫును మామూలుగా చూపించినప్పటి కంటే, డయాన్ బుర్కో అనే చిత్రకారిణి పెయింటింగ్‌లో కలిసిపోయిన అదే గ్రాఫును చూపించినప్పుడు, ఈ విషయాన్ని సాధారణంగా కొట్టిపారేసే రాజకీయ వర్గం కూడా ఇది తమకు సంబంధించిందేనని కొంత ఎక్కువగా అనుకుందట. అంటే నిజమైన కొలత, మంచి బొమ్మ రెండూ కలవాలి. మీ ఇంట్లో ఆ రెండూ ఉన్నాయి మాస్టారూ, ఒకటి మీ దగ్గర, రెండోది ఆ పిల్ల దగ్గర.

ఇది ఊరికే అనడం లేదు. జిల్ పెల్టో అని అమెరికాలో ఒక చిత్రకారిణి ఉంది. వాళ్ల నాన్న మౌరీ పెల్టో హిమానీనదాల శాస్త్రవేత్త. 1984 నుంచి ఏటా నార్త్ కాస్కేడ్స్ పర్వతాలకు వెళ్లి మంచు ఎంత తగ్గిందో కొలుస్తున్నాడు. కూతురు 2009 నుంచి ఆయన వెంట వెళ్లడం మొదలుపెట్టింది. కాలేజీలో చిత్రకళతో పాటు భూవిజ్ఞానం కూడా చదివింది. ఆమె నీటిరంగుల్లో వేసిన మంచు కొండ అంచు పైకీ కిందికీ వంకరలు పోతూ దిగుతుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ అంచు గ్రాఫు, నిజమైన కొలతల గ్రాఫు. 2020 జూలైలో టైమ్ పత్రిక ముఖచిత్రం ఆమె వేసిందే. ఆ తండ్రి కూతురి స్కెచ్ పుస్తకాలకు తాళం వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మీరు కోపం తెచ్చుకున్నా సరే, ఈ మాట అనకుండా ఉండలేను.

అమ్మాయికి ఒక జాగ్రత్త. ఉప్పాడ కోతకు సముద్రమట్టం పెరగడం ఒక్కటే కారణం కాదు. గోదావరి మీద ఆనకట్టల వల్ల ఒడ్డుకు చేరే ఇసుక, ఒండ్రు తగ్గాయి. కాకినాడ రేవు కట్టడాల వల్ల ఇసుక కదిలే దారి మారింది. తుపాన్లు ఉండనే ఉన్నాయి. ఇవన్నీ తెలుసుకోకుండా బొమ్మ కింద ‘క్లైమేట్ చేంజ్’ అని రాసేస్తే, ఎవరో ఒకరు లేచి ప్రశ్నిస్తారు, అప్పుడు నలభై వారాల కష్టం నీరుగారిపోతుంది. ఎంపీసీ చదివిన పిల్ల కాబట్టి ఇది ఆమె చేయగలదు. ఆ రెండేళ్లూ వృథా అయ్యాయని మీరు బాధపడక్కర్లేదు.

ఇక కోర్సుల సంగతి. బీఎఫ్ఏకి హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. దూరం పంపగలిగితే బరోడా, శాంతినికేతన్. బీడెస్‌కి మన రాష్ట్రంలోనే ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ), పక్కన ఐఐటీ హైదరాబాద్. పరీక్షల వివరాలు ఆయా వెబ్‌సైట్లలో ఉంటాయి, మీరు చూసుకోగలరు. తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే, బీడెస్‌లో ఎదుటివాళ్ల సమస్య తీసుకుని, నలుగురితో కలిసి, గడువులోగా పరిష్కారం చూపించాలి. బీఎఫ్ఏలో ప్రశ్న కూడా తనే వెతుక్కోవాలి. ఎవరూ చెప్పకుండా ఏడాది పాటు ఒకే గోడ ముందు కూర్చున్న పిల్లకు బీఎఫ్ఏ నప్పుతుందని నాకనిపిస్తోంది. అందులోనూ అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, పుస్తకాల వంటి వాటికి బొమ్మలు వేయడం) తీసుకుంటే ఉద్యోగానికి కాస్త దగ్గర దారి. తర్వాత పీజీలో ఇన్ఫర్మేషన్ డిజైన్, అంటే సమాచారాన్ని బొమ్మలుగా చూపించే చదువు వైపు వెళ్లవచ్చు. కాదు, బీడెస్ సీటే వచ్చిందంటే అందులో చేరినా నష్టం లేదు. ఈ రెండింటి మధ్య తప్పు నిర్ణయం అంటూ లేదు, దీనికి నిద్ర పాడు చేసుకోకండి.

నాకు అనుమానమున్నది ఆ రోజూ ఫోన్ చేసే కాలేజీ మీద. ఇప్పుడు సస్టెయినబిలిటీ, క్లైమేట్, గ్రీన్ అనే మాటలకు గిరాకీ వచ్చింది. పాత గ్రాఫిక్ డిజైన్ కోర్సుకే కొత్త పేరు తగిలించి ఏటా లక్షల ఫీజు వసూలు చేస్తున్న చోట్లు నేను చూశాను. కొన్నేళ్ల క్రితం ఒక కుటుంబం బ్యాంకు లోను తీసుకుని కొడుకును అలాంటి చోట చేర్చింది. మూడో ఏడాదిలో నా దగ్గరికి వచ్చాడు. అప్పటిదాకా చేసిన ప్రాజెక్టుల్లో ఒక్కటి కూడా క్యాంపస్ గేటు దాటి బయట చేసింది లేదు. ఇంటర్నెట్‌లోంచి ఫొటోలు తెచ్చుకుని, వెదురు బ్రష్ డబ్బాకు కవర్ డిజైన్ చేసి మార్కులు తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడు తెలివైనవాడు, కష్టపడేవాడు. అతని ముఖం గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. ఫోన్‌లో వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. పాఠం చెప్పేవాళ్లలో బొమ్మలు వేసి, ప్రదర్శనలు పెట్టిన కళాకారులు ఎంతమంది? సైన్స్ చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? మొదటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు, వాళ్లతో మాట్లాడించగలరా? జవాబుకు బదులు ‘సీట్లు అయిపోతున్నాయి సార్’ అంటే ఫోన్ పెట్టేయండి.

ఏఐ బొమ్మలు వేస్తోంది కదా, ఇంక వీళ్లకు పనేముంది అనే టెన్షన్ కూడా మీకు ఉండే ఉంటుంది. మంచు ముక్క మీద ఎలుగుబంటి బొమ్మ ఏఐ క్షణంలో ఇస్తుంది, అలాంటివి వేసేవాళ్లకు కష్టమే. ఫలానా ఆదివారం ఫలానా గోడ ఎక్కడిదాకా కూలిందో మాత్రం అక్కడ కూర్చున్న మనిషే చెప్పాలి.

జీతం గురించి దాచకుండా చెబుతాను. క్లైమేట్ ఆర్టిస్ట్ అనే పోస్టు ఏ నోటిఫికేషన్‌లోనూ రాదు. మొదటి మూడు నాలుగేళ్లు ఆదాయం పలచగానే ఉంటుంది, ఇంజినీరింగ్ చేసిన బంధువుల పిల్లలతో పోల్చకండి. అయితే పత్రికల్లో గ్రాఫిక్స్, పాఠ్యపుస్తకాల బొమ్మలు, మ్యూజియం ప్రదర్శనలు, పరిశోధన సంస్థలకు ఇలస్ట్రేషన్లు, యానిమేషన్, స్వచ్ఛంద సంస్థల ప్రచార సామగ్రి, డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం... బొమ్మ, డేటా రెండూ వచ్చినవాళ్లకు ఇలాంటి పనులు దొరుకుతున్నాయి. వీటితో ఇల్లు గడుపుకుంటూ తన బొమ్మలు వేసుకుంటున్నవాళ్లను నేను ఎరుగుదును. మీ పిల్ల ఆకలితో ఉండదు మాస్టారూ. పరీక్షలు కూడా రాస్తుంది, మంచి మార్కులే తెచ్చుకుంటుంది. ఆదివారం రెండు గంటలు బొమ్మ గీస్తే పోయే మార్కులు కావు అవి. పుస్తకాలు లాక్కున్నారన్న కోపంతో పోయే మార్కులే ఎక్కువ.

వచ్చే ఆదివారం మీరూ ఉప్పాడ వెళ్లండి. స్కూల్లో ఉండే పొడుగు టేపు పట్టుకెళ్లండి. ఆ గోడ మూల నుంచి నీటి అంచు దాకా కొలవండి. ఒకసారి పోటు మీద, ఇంకోసారి పాటు మీద కొలిస్తే లెక్క తప్పుతుంది, ఏ సమయానికి కొలవాలో అక్కడ వలలు బాగుచేసుకునే వాళ్లనడగండి. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు ఎంత లోపలికి వస్తుందో కూడా వాళ్లే చెబుతారు. ఆ కొలత, తేదీ మీ అమ్మాయి వేసిన బొమ్మ కింద మీ చేత్తో రాయండి. నలభై ఒకటో బొమ్మ అది.