మిగులు సున్నా అయినప్పుడు

ప్రశ్న: నాది అనంతపురం. ఉద్యోగరీత్యా బెంగళూరులోని ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటూ, మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఫైళ్లను అందుకునే అసెంబ్లర్ (యంత్ర ఆదేశాలకు దగ్గరగా ఉండే భాష) ప్రోగ్రామ్ ఒకదాని నిర్వహణ చూస్తున్నాను. కొన్ని వారాలుగా అది ఎస్‌0సీ4 అబెండ్‌తో (మెమరీని తప్పుగా ముట్టుకోవడం వల్ల వచ్చే ఆగింపు) మధ్యలోనే ఆగిపోతోంది. డంప్ (ఆగిన క్షణంలోని మెమరీ నకలు) చూస్తే ప్రతిసారీ, డేటాను తాత్కాలికంగా ఉంచే 16,384 బైట్ల బఫర్‌ను ఆనుకుని ఉన్న కంట్రోల్ బ్లాక్‌లో (ప్రోగ్రామ్ తన చిరునామాలు, వివరాలు దాచుకునే చోటు) సరిగ్గా 256 బైట్లు చెడిపోయి ఉంటున్నాయి. ఒకే ఒక్క క్లయింటు పెద్ద ఫైలు పంపినప్పుడే ఇలా జరుగుతోంది. ప్రోగ్రామ్ నడకను అడుగడుగునా నమోదు చేసే ట్రేస్ పెడితే జరగడం లేదు. బఫర్‌ను మరో 256 బైట్లు పెంచితే చాలని మా సీనియర్ గారు అంటున్నారు. అది సరైన పరిష్కారమేనా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: కాదు. అయితే మీ సీనియర్ గారు చెప్పినట్లు చేస్తే అబెండ్ నిజంగానే ఆగిపోతుంది, చిక్కంతా అక్కడే ఉంది.

మీ ఉత్తరంలోని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 16,384ను 256తో భాగిస్తే శేషం లేకుండా 64 వస్తుంది. డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే ఎంవీసీ ఆదేశంలో పొడవుకు కేటాయించినది 8 బిట్లే. అందులో 0 అని రాస్తే 1 బైటు, 255 అని రాస్తే 256 బైట్లు కదులుతాయి. అందుకే, ఎంత కదపాలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గాని తెలియని సందర్భాల్లో, పొడవులోంచి ఒకటి తీసివేసి, ఆ విలువను ఈఎక్స్ ఆదేశం ద్వారా ఎంవీసీకి అందించడం అసెంబ్లర్ రాసేవారందరికీ అలవాటు. డేటా 256 బైట్లకు మించితే ముందు 256 చొప్పున లూప్‌లో కాపీ చేసి, మిగిలినదాన్ని ఈఎక్స్‌కు అప్పగిస్తారు. మిగులు 200 అయితే 199 వెళుతుంది, ఇబ్బంది లేదు. మిగులు సున్నా అయితే ఒకటి తీసివేయగానే రిజిస్టరులోని (ప్రాసెసర్ లెక్కలు ఉంచుకునే గడి) బిట్లన్నీ ఒకట్లవుతాయి. ఈఎక్స్ అందులో చివరి 8 బిట్లనే, అంటే 255నే తీసుకుంటుంది. ఏమీ కదపకూడని చోట మరో 256 బైట్లు కదులుతాయి. మడివాళలో అద్దెగదిలో ఉంటూ రాత్రి షిఫ్టులు చేసిన రోజుల్లో నేనూ ఈ సున్నా దగ్గరే మూడు రాత్రులు పోగొట్టుకున్నాను. మీ లిస్టింగులో లూప్ తర్వాత వచ్చే, ఒకటి తీసివేసే బీసీటీఆర్, దాని వెంటనే ఉండే ఈఎక్స్ జంటను ముందుగా చూడండి.

ఒక్క క్లయింటుతోనే ఎందుకంటే, టీఎల్‌ఎస్ ఒక రికార్డులో (ఒకసారి పంపే ముక్కలో) గరిష్ఠంగా 16,384 బైట్ల అసలు డేటాను అనుమతిస్తుంది. ఆ క్లయింటు రికార్డును అంచు వరకు నింపుతోంది, మిగతావి చిన్న రికార్డులు పంపుతున్నాయి. 512 బైట్ల రికార్డు వచ్చినా తప్పు జరుగుతుంది గాని, అదనపు బైట్లు బఫర్ లోపలే పడటం వల్ల ఎవరికీ తెలియదు. ట్రేస్ పెట్టినప్పుడు కూడా తప్పు మానదు. మెమరీలో అమరిక మారి, ఆ 256 బైట్లు ఎవరూ వాడని చోట పడుతూ ఉండవచ్చు.

మెయిన్‌ఫ్రేమ్‌లో మెమరీకి తాళం లాంటి స్టోరేజ్ కీ రక్షణ ఉండగా హార్డ్‌వేర్ ఎందుకు అడ్డుకోలేదన్న సందేహం మీకు రావచ్చు. 1964లో ప్రకటించిన సిస్టమ్/360 నాటి నుంచి ఆ రక్షణ ఉంది, ఇప్పుడు 4,096 బైట్ల పేజీకి ఒక కీ ఉంటుంది. కాని అది రాసేవారి కీ, పేజీ కీ కలిశాయా లేదా అని మాత్రమే చూస్తుంది. మీ బఫరు, కంట్రోల్ బ్లాకు రెండూ ఒకే ప్రోగ్రామువి, ఒకే కీ కలిగినవి. ఉమ్మడి ఇంట్లో వీధి తలుపు తాళం గదికీ గదికీ మధ్య కాపలా కాయదు కదా. పాడైన బ్లాకులోని చిరునామాను తర్వాత ఎవరో వాడబోయినప్పుడు అబెండ్ వస్తుంది, అందువల్ల అబెండ్ వచ్చిన ఆదేశం చుట్టూ ఎంత వెతికినా కారణం దొరకదు.

బఫర్ పెంచితే అదనపు కాపీ అలాగే కొనసాగుతుంది. మూలస్థానం చివర దాటి చదివిన ఆ 256 బైట్లు మరో కనెక్షన్‌కు చెందిన, అప్పటికే ఎన్‌క్రిప్షన్ విప్పిన డేటా కావచ్చు. భద్రత కోసం రాసిన ప్రోగ్రాములో అబెండ్ కంటే ఇది పెద్ద తప్పు, పైగా చప్పుడు చేయనిది.

మార్పు రెండు ఆదేశాలే: ఒకటి తీసివేయడానికి ముందు ఎల్‌టీఆర్‌తో మిగులును పరీక్షించి, సున్నా అయితే ఈఎక్స్‌ను దాటించండి. పెద్ద పొడవులను ఒకేసారి కదిపే ఎంవీసీఎల్ ఆదేశానికి మారవచ్చు, రెండు పొడవులూ సున్నా అయితే అది ఏమీ కదపదు. కాని దానికి నాలుగు రిజిస్టర్లు కావాలి, పాత కోడ్‌లో వాటిని ఖాళీ చేయబోయి మరో తప్పు తెచ్చుకుంటామని నా భయం. పరీక్షకు 0, 1, 255, 256, 257, 16,383, 16,384 పొడవులు తప్పక ఉండాలి, బఫర్ వెనుక తెలిసిన గుర్తులు నింపి, అవి చెదరలేదని ప్రతిసారీ సరిచూడాలి.

కారణాన్ని రుజువు చేయాలంటే డంప్‌లు చదివే ఐపీసీఎస్‌లో ఆ చెడిన 256 బైట్లను ఆస్కీగా (మామూలు కంప్యూటర్ల అక్షర సంకేతం) కూడా చూడండి. మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతమైన ఎబ్సిడిక్‌లో పిచ్చిగీతల్లా కనిపించేది అక్కడ ఫైలులోని వాక్యంగా బయటపడవచ్చు. అదే కారణంగా ఆ డంప్‌లో ఖాతాదారుల సమాచారం, సెషన్ కీలు బయటపడి ఉండే అవకాశం ఉంది కనుక, దాన్ని ఎవరికైనా పంపడానికి ముందే ఆ డేటాసెట్‌ను చూసే అనుమతి ఎవరెవరికి ఉందో, అనుమతులను నియంత్రించే ర్యాక్‌ఎఫ్‌లో సరిచూసుకోండి.