మాది మిర్యాలగూడ, చదువుకు జర్మనీ పోతున్న, అక్కడి రోజువారీ బతుకుకు ఎట్ల అలవాటు పడాలె?

తమ్మీ, మాది నకిరేకల్ దిక్కు, ఇక్కడికొచ్చి కొన్నేండ్లయింది. ఇంట్ల దిగినంక రెండు వారాల్లోపల టౌన్ ఆఫీసుల అడ్రస్ రిజిస్టర్ చేయించుకో, అన్‌మెల్‌డుంగ్ అంటరు, అది కాకుంటే ట్యాక్స్ నంబరు కాడ పని ఆగుతది. అపాయింట్‌మెంట్లు జల్ది దొరకవు, ఇల్లు ఖాయం కాంగనే బుక్ చెయ్యి.

ఆదివారం దుకాణాలు బంద్. మనకాడ ఆదివారమే కదా మటన్ కొట్టు కాడ లైను, ఇక్కడ పాలు, కూరగాయలు, కోడికూర అన్నీ శనివారమే తెచ్చి పెట్టుకోవాలె, మరీ అర్జంటైతే పెద్ద రైల్వేస్టేషన్లల్ల షాపులుంటయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక సప్పుడు చెయ్యొద్దు, పక్కింటోళ్లు నిజంగనే వచ్చి తలుపు కొడ్తరు.

ప్లాస్టిక్ నీళ్ల బాటిల్‌కు 25 సెంట్లు ఎక్కువ తీస్కుంటరు, ఖాళీది నలపకుండ సూపర్ మార్కెట్ మిషన్ల వేస్తే చీటీ వస్తది, అది కౌంటర్ల ఇస్తే పైసలు వాపస్.

అందరు తెలుగోళ్లే ఉన్న రూముల దిగకు. మొదట్ల మస్తు హాయిగుంటది గానీ భాష రాదు, క్లాసు ఇంగ్లీషుల నడిచినా డాక్టరు కాడ, ఇంటి ఓనరు కాడ జర్మనే కావాలె. పోకముందే నల్గొండల ఉండంగనే ఆన్‌లైన్ల ఏ1, అంటే జర్మన్ భాషల మొదటి మెట్టు, మొదలుపెట్టు.

ఇగ సామాను సంగతి, అమ్మ ప్రేమతోని నెయ్యి, చికెన్ పచ్చడి పెడ్తది, యూరప్‌లకు మాంసం, పాల వస్తువులు తేనియ్యరు, కస్టమ్స్‌ల పట్టుకుంటే తీసి పారేస్తరు. మామిడికాయ తొక్కు, కారంపొడి పెట్టమను.