మాయల మరాఠీకి పెళ్లి చేస్తే

ప్రశ్న: అమ్మా, నమస్కారం. అమెరికా రచయిత్రి నయోమీ నోవిక్ రాసిన ‘అప్‌రూటెడ్’ నవల చదివాను. మొదలుపెట్టాక కింద పెట్టబుద్ధి కాలేదు. కాని ఆ మాంత్రికుడు నోరు తెరిస్తే చాలు, నాకు ఒళ్లు మండింది. ఎప్పుడూ ఆ పిల్లను తిట్టడమే. అలాంటివాణ్ని ఆమె ఎలా ప్రేమించింది? అయినా నవల నచ్చింది, అదే నాకు అంతుపట్టడం లేదు. ఇంకో మాట. మా అమ్మాయి పదో తరగతి. చదవమని ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మంట న్యాయమైనదే. నాకూ మండింది.

చదవనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఒక లోయ, దాని పక్కనే మనుషుల్ని మింగే అడవి. ఆ అడవిని అదుపులో ఉంచే మాంత్రికుణ్ని అందరూ ‘డ్రాగన్’ అంటారు. పదేళ్లకోసారి పదిహేడేళ్ల ఆడపిల్లల్లో ఒకరిని తన బురుజుకు తీసుకుపోతాడు. ఈసారి వంతు అందగత్తె, ధైర్యవంతురాలు కాషాదేనని ఊరంతా అనుకుంటుంది. అతనేమో ఎప్పుడూ బట్టలు చింపుకొని, మట్టి పూసుకొని తిరిగే ఆమె స్నేహితురాలు అగ్నియెష్కాను ఎంచుకుంటాడు.

బాలనాగమ్మ కథ విని పెరిగిన మనకు ఇదేమీ కొత్త సరుకు కాదు. అయితే మాయల మరాఠీ ప్రాణం చిలకలో ఉందని తెలిసినప్పుడు, ఆ చిలక ఎప్పుడు చస్తుందా అని చూశామే తప్ప అతనికి పెళ్లి చేద్దామనుకోలేదు. నోవిక్ చేయబోయింది అదే. ఆ డ్రాగన్ నూరేళ్లు దాటినవాడు, పైకి కుర్రవాడిలా కనిపిస్తాడట. వయసు సంగతి మాయ కింద సర్దుకుందామన్నా, ఆ నోటిదురుసును దేని కింద సర్దుకోవాలి?

కాని ఇద్దరూ కలిసి మంత్రంతో గులాబీని పుట్టించే ఘట్టం మరోసారి చదవండి. అతనిది అక్షరం తప్పని మంత్రపాఠం, ఆమెది కూనిరాగం. ఆమె పద్ధతి అతనికి ఒళ్లుమంట, అతని పద్ధతి ఆమెకు నోరు తిరగదు. ఆ రెండూ కలిసినచోట పువ్వు మీద పువ్వు పూస్తూ పోతుంది, ఇద్దరూ బెదిరిపోతారు. వాళ్ల మాటల్లో నాకు దొరకని ప్రేమ ఆ పనిలో దొరికింది.

మీకు నవల ఎందుకు నచ్చిందో నేను చెప్పనా? కాషా వల్ల. అడవి ఆమెను ఎత్తుకుపోయి ఒక చెట్టులో బంధిస్తే, అగ్నియెష్కా వెళ్లి తెచ్చుకుంటుంది. ఆ తరువాత నిజాన్ని బయటపెట్టే మంత్రం చదవాల్సి వస్తుంది. ఒకరినొకరు ప్రాణంగా చూసుకున్న ఈ పిల్లలు ఏళ్ల తరబడి దాచుకున్న ఈర్ష్య, కోపం అంతా ఇద్దరి కళ్లముందూ పరుచుకుంటుంది. స్నేహం అయినా నిలుస్తుంది. ఇంత లోతుకు వెళ్లే ప్రేమఘట్టం డ్రాగన్‌తో ఒక్కటీ లేదు. అసలు జంట వీళ్లిద్దరే అని నా అభిప్రాయం, ఎవరేమన్నా సరే.

అగ్నియెష్కా రాజధానికి వెళ్లే భాగం సాగదీత. దర్బారు మర్యాదలు, కుట్రలు వేరే నవలల్లోనూ దొరుకుతాయి. నోవిక్ చిన్నప్పుడు విన్న పోలండ్ జానపద కథల వాసన ఆ గదుల్లో తగ్గిపోయింది. లోయకు తిరిగి రాగానే మళ్లీ ఊపిరి వస్తుంది. అడవికి ఆ పగ ఎందుకో తెలిసే చివరి భాగం గురించి ఇక్కడ ఒక్క ముక్క చెప్పను. 2015లో వచ్చిన ఈ నవలకు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే నెబ్యులా పురస్కారం దక్కడం సబబేనని నాకు అనిపించింది అక్కడే.

ఇక మీ అమ్మాయి సంగతి. మొదట్లోనే ఒక రాజకుమారుడు అగ్నియెష్కాపై బలాత్కారానికి తెగబడతాడు. ఆమె వాడి నెత్తిన పళ్లెంతో కొడుతుంది, అది వేరే సంతోషం. తరువాత శృంగారం కూడా దాపరికం లేకుండా ఉంది. ఇంటర్ దాటాక ఇవ్వండి. అంతవరకు బీరువా పై అరలో మాత్రం పెట్టకండి, పిల్లలు ముందు వెతికేది అక్కడే.