మూడు పెడళ్లు, ఒకే ఒక్క మోకాలి లీవరు

ప్రశ్న: మాస్టారూ, ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. చిన్నప్పుడు విజయవాడలో హవాయియన్ గిటార్ కొన్నాళ్లు నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక కంట్రీ పాటలు వినీవినీ పెడల్ స్టీల్ (కాళ్ల మీద పడుకోబెట్టి, పెడళ్లతో తీగల శ్రుతి మారుస్తూ వాయించే గిటార్) మీద మనసు పడింది. పోయిన నెల ఒక గరాజ్ సేల్‌లో 1970ల నాటి షో-బడ్ కంపెనీ పెడల్ స్టీల్, మేవరిక్ మోడల్‌ది, దొరికితే కొనేశాను. పది తీగలు, మూడు పెడళ్లు, ఒక మోకాలి లీవరు, ఆ లీవరు ‘ఈ’ తీగల్ని అర మెట్టు దించుతుంది. పెడళ్లు బరువుగా ఉన్నాయి, వదిలాక తీగ పాత శ్రుతికి రావట్లేదు. కొత్త పికప్ (తీగల శబ్దాన్ని యాంప్‌కి అందించే భాగం), ఇంకో నాలుగు లీవర్లు, పైన పాలిష్, అన్నీ ఒకేసారి చేయించేద్దామా? లేక దీన్ని అమ్మేసి పెద్దది కొనుక్కోవడం మంచిదా?

జవాబు: పాలిష్ మాట మర్చిపోండి. పికప్ మాట కూడా ప్రస్తుతానికి వద్దు. డబ్బు జేబులోనే ఉంచుకుని, ఒక పాత దుప్పటి పరిచి వాయిద్యాన్ని దాని మీద బోర్లా పెట్టి, టార్చి వేసి అడుగుభాగం చూడండి, ఎందుకంటే పెడల్ స్టీల్‌లో సంగీతం పైన వినిపించినా కథంతా నడిచేది కిందే. పెడల్ తొక్కితే అడ్డంగా ఉన్న ఇరుసు తిరుగుతుంది, దానికి బిగించిన చిన్న క్రాంకు పొడవాటి రాడ్‌ని లాగుతుంది, ఆ రాడ్ చివర ఛేంజర్‌లో (తీగల శ్రుతి మార్చే భాగంలో) ప్రతి తీగకీ ఉండే ఫింగర్ అనే లోహపు ముక్క కదిలి తీగని బిగిస్తుంది లేదా వదులు చేస్తుంది. ఇందులో ఎక్కడ మురికి పట్టినా మీరు చెప్పిన రెండు జబ్బులూ వస్తాయి.

యాభై ఏళ్ల నాటి గ్రీజు ఈపాటికి జిగురైపోయి ఉంటుంది. లైటర్లలో పోసే నాఫ్తా, ఒక పాత టూత్‌బ్రష్, ఓపిక, ఇవి చాలు (ఆరుబయట కూర్చుని చెయ్యండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు). ఆరాక ఛేంజర్ ఇరుసు దగ్గర పల్చటి మెషీన్ ఆయిల్ ఒక్కో చుక్క, అంతే. ఎక్కువ పోస్తే మళ్లీ దుమ్ము పట్టి మొదటికొస్తుంది. ఏ రాడ్ విప్పే ముందైనా ఫోటో తీసి, దానికి చిన్న కాగితం చుట్టి నంబరు రాయండి. నేను మొదటిసారి ఆ పని చెయ్యకుండా అన్నీ ఒకేసారి పీకేసి, ఏది ఎక్కడిదో తెలియక రెండు ఆదివారాలు నేల మీదే కూర్చున్నాను.

శుభ్రం చేశాక కూడా తీగ వెనక్కి రాకపోతే బిరడాల వైపు తీగలు ఆనే నట్ చూడండి. మంచి స్టీళ్లలో అక్కడ ప్రతి తీగకీ ఒక చిన్న రోలర్ తిరుగుతుంది. మీదాంట్లో కదలని పట్టీ ఉంటే తీగ గాడిలో రాసుకుని ఇరుక్కుంటుంది. పెన్సిల్ ముల్లు పొడి గాడిలో రుద్దితే కొంత నయం. రోలర్ నట్ వేయించాలనుకుంటే మాత్రం తీగల మందాలకి సరిపోయేలా గాడులు కోసినది చూసుకోండి, లావూ సన్నం తీగల పైభాగాలన్నీ ఒకే మట్టంలో ఉండకపోతే బార్ (తీగల మీద జార్చే ఉక్కు కడ్డీ) తిన్నగా ఆనదు. తీగలు కూడా ఈ9 (ఈ పది తీగల స్టీల్‌కి వాడే శ్రుతి) సెట్టే కొనండి. మూడో తీగ 0.011 అంగుళాలది, అందరికంటే ముందు తెగేది అదే, నాలుగు విడిగా దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు లీవర్లు. నాలుగు కాదు, రెండు చాలు. మొదటిది నాలుగు, ఎనిమిది తీగల్ని ‘ఈ’ నుంచి ‘ఎఫ్’కి పెంచేది. ఇది ఎందుకంటే, మీరు ‘జీ’ మేజర్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) వాయించాలనుకోండి, ఇప్పుడు మీకు మూడో ఫ్రెట్‌లో ఏమీ తొక్కకుండా ఒకటి, పదో ఫ్రెట్‌లో ‘ఏ’, ‘బీ’ అనే మొదటి రెండు పెడళ్లు తొక్కి ఇంకొకటి ఉన్నాయి. మధ్యలో పెద్ద ఖాళీ. ఈ కొత్త లీవరునీ ‘ఏ’ పెడల్‌నీ కలిపితే ఆరో ఫ్రెట్‌లో అదే ‘జీ’ దొరుకుతుంది. బార్ మూడు నుంచి ఆరుకి, ఆరు నుంచి పదికి జారుతుంటే వచ్చే ఆ ఏడుపులాంటి తియ్యదనం కోసమే కదా మీరు ఇది కొన్నది! రెండో లీవరు రెండో తీగని ‘డీ షార్ప్’ నుంచి ‘డీ’కి, తొమ్మిదో తీగని ‘డీ’ నుంచి ‘సీ షార్ప్’కి దించేది, దాన్ని కుడి మోకాలికి ఇవ్వండి. ఎడమ మోకాలు ఎడమకి తోస్తే ‘ఎఫ్’, కుడికి తోస్తే మీకు ఇప్పటికే ఉన్న దించుడు, ఇది బడ్డీ ఎమ్మన్స్ అనే వాదకుడి పద్ధతి. జిమ్మీ డే అనే ఇంకో వాదకుడి పద్ధతిలో పెడళ్ల వరసే తిరగబడుతుంది, రెండూ కలపకండి.

ఆర్డర్ పెట్టే ముందు ఒక్క పరీక్ష. నాలుగో తీగ ఫింగర్‌కి ఎన్ని రంధ్రాలున్నాయో చూడండి. మూడోదైన ‘సీ’ పెడల్ దాన్ని ‘ఎఫ్ షార్ప్’కి పెంచుతుంది, కొత్త లీవరు ‘ఎఫ్’కి పెంచుతుంది, పాత లీవరు దించుతుంది, అంటే మూడు రాడ్లకి చోటు కావాలి. లేకపోతే నేనైతే సీ పెడల్‌ని వదులుకుంటాను. ఇది నా అభిప్రాయం, తిట్టుకునేవాళ్లు తిట్టుకోవచ్చు, కానీ నేర్చుకునే దశలో ‘ఎఫ్’ లీవరే ఎక్కువ అక్కరకొస్తుంది. షో-బడ్ కంపెనీ 1980లలోనే మూతపడినా, ఆ నమూనా క్రాంకులూ రాడ్లూ చిన్న చిన్న మెషీన్ షాపుల వాళ్లు ఇంకా చేస్తున్నారు.

శ్రుతి చేసేటప్పుడు ముందు ఖాళీ తీగలు బిరడాలతో, ఆ తర్వాత పెడల్ తొక్కి పట్టుకుని అవతలి చివర నైలాన్ నట్లు తిప్పి. ట్యూనర్ సూది నడిమధ్య నిలబడ్డా కార్డు గరగరలాడుతోందని కంగారు పడొద్దు. తంబురాలో దానంతటది పలికే గాంధారం విన్న చెవే మీది కూడా, ఆ గాంధారం ట్యూనర్ చూపించే దానికంటే దాదాపు 14 సెంట్లు (అర మెట్టులో నూరో వంతు ఒక సెంటు) కిందుంటుంది. అందుకని ‘జీ షార్ప్’ తీగల్ని కాస్త దించాలి. కొందరు పూర్తిగా దించుతారు, కొందరు సగంలో ఆపుతారు, మీ చెవికి నచ్చిన చోట ఆపండి. ఇక ‘ఏ’, ‘బీ’ పెడళ్లు రెండూ తొక్కినప్పుడు నాలుగో తీగ ఇసుమంత దిగితే అది చెక్క వంగడం వల్ల. స్క్రూలు, కాళ్లు బిగించి చూడండి, పూర్తిగా మాత్రం పోదు.

అమ్మాలా అంటే, రెండు లీవర్లకీ అయ్యే ఖర్చు మీరు కొన్న ధరలో సగం దాటితే చేయించకండి. అలాగే వాయిస్తూ ఇంకో ఏడాది డబ్బు దాచి మూడు పెడళ్లు, నాలుగు లీవర్లదే కొనుక్కోండి. వాల్యూమ్ పెడల్ లేకపోతే అది మాత్రం వెంటనే కొనండి, పికప్ బాలేదనుకునేవాళ్లలో చాలామందికి నిజంగా అరిగిపోయింది ఆ పెడల్‌లోని పొటెన్షియోమీటరే (శబ్దం పెంచి తగ్గించే భాగం).

ప్రశ్న: మా తాతయ్యగారి హవాయియన్ గిటార్ రాజమండ్రిలో మా ఇంట్లో ఉంది. దానికి పెడళ్లు పెట్టించవచ్చా సార్?

జవాబు: వద్దమ్మా. పెడల్ లాగే బలానికి తట్టుకునే గట్టి ఒళ్లు, లోపల ఛేంజర్, నాలుగు కాళ్లు, ఇవన్నీ పెట్టాలంటే తాతయ్యగారి గిటార్‌లో మిగిలేది పేరు మాత్రమే. గోటువాద్యం వాళ్లు ఏ పెడలూ లేకుండా తీగ మీద జార్చే ఒక్క గోటు ముక్కతో ఎన్ని గమకాలు పలికిస్తారో వినండి, ఆ పని మీ గిటార్ కూడా చేస్తుంది. కొత్త తీగలు వేసే ముందు తీగలు ఆనే రెండు చివర్లూ గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి. పాత జిగురు వదిలిపోయి బ్రిడ్జి లేచి ఉంటే అతికించాకే తీగలు బిగించండి.