మైపాడు టెస్ట్ షాట్లలో మొహాలు నల్లగా వస్తే

తమ్ముడూ, మైపాడు బీచ్‌లో పొద్దున ఆరింటికి తీసిన టెస్ట్ షాట్లలో మొహాలు నల్లగా వచ్చాయి, మాటలు గాలికి కొట్టుకుపోయాయి, ఆదివారమే షూటింగ్ అన్నావు. కెమెరా తప్పేం లేదు. మన తీరం తూర్పు ముఖం. సముద్రం వెనక వచ్చేలా మనిషిని నిలబెడితే పొద్దున సూర్యుడు వాడి వీపు మీదే ఉంటాడు. అదే సీన్ సాయంత్రం నాలుగున్నర తర్వాత తీయి, వెలుగు మొహం మీద పడుతుంది. పొద్దునే కావాలంటే నువ్వు నీళ్ల వైపు నిలబడి, పడవలూ వలలూ వెనక వచ్చేలా పెట్టుకో. లేదా తెల్ల థర్మాకోల్ షీటు మొహానికి ఎదురుగా పట్టించు. పట్టుకునేవాడు గట్టివాడై ఉండాలి, మా షీటు ఒకసారి అలల్లోకే పోయింది!

సాయంత్రం ఇంకో చిక్కుంది: సముద్రపు గాలి. మైకుకి బొచ్చు తొడుగు వేసినా పూర్తిగా నమ్మొద్దు. షాట్ అవగానే ఆర్టిస్టుల్ని కారెక్కించి, అద్దాలు మూసి, అవే డైలాగులు అదే వేగంతో చెప్పించి రికార్డ్ చెయ్యి. ఉత్త అలల చప్పుడు కూడా ఒక నిమిషం రికార్డ్ చేసుకో, ఎడిటింగ్‌లో ఆ డైలాగుల కింద పరిస్తే అతుకులు తెలియవు.

ఇక ఆదివారం సాయంత్రమంటే సగం నెల్లూరు అక్కడే ఉంటుంది. మంగళవారానికి జరుపుకో. ముందురోజు అదే టైముకి ఫోన్‌తో, ఆర్టిస్టుల బదులు స్నేహితుణ్ణి నడిపించి అన్ని షాట్లూ ఒకసారి తీసి చూడు. ఆర్టిస్టు ఎక్కడ ఆగాలో ఇసకలో గీసిన గుర్తు నిలవదు, ఇటుకముక్క పెట్టు.

టీకొట్టు నైట్ సీన్‌లో ట్యూబులైటు మినుకుమినుకుమంటే కెమెరాలో షటర్ స్పీడు సెకనులో 1/50 వంతు పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా.