ఎలివేషన్ పక్కన పెట్టి ముందు స్ట్రెచర్ నడిపించండి

మేడమ్, నాలుగో ఏడాది ఆర్కిటెక్చర్ పిల్లలకు 200 పడకల ఆసుపత్రి డిజైన్ చేయమని ఇస్తే అందరూ ముందు ఎలివేషన్ (భవనం బయటికి కనిపించే ముఖం బొమ్మ) గీసేసి, తర్వాత గదులు ఇరికించలేక తల పట్టుకుంటున్నారని రాశారు. నా క్లాసులోనూ మూడేళ్లు ఇదే జరిగింది. తప్పు పిల్లలది కాదు. ఇళ్లు గీసిన అలవాటుతో ఆసుపత్రిని కూడా పెద్ద ఇల్లే అనుకుంటారు.

మొదటి రెండు వారాలు ప్లాన్ గీయనివ్వకండి. ఒక్కొక్కరికి ఒక మనిషిని అప్పగించండి: అంబులెన్సులో వచ్చిన రోగి, నైట్ డ్యూటీ నర్సు, మాసిన దుప్పట్లు మోసే ఆయా, క్యారేజీ తెచ్చిన బంధువు. వాళ్లు గేటు నుంచి ఎక్కడెక్కడికి వెళ్తారో ఒక్కో రంగు గీతతో వేయించండి. గీతలన్నీ ఒకే ట్రేసింగ్ కాగితం మీద పెడితే, మార్చురీ దారి ప్రసూతి వార్డు ముందు నుంచి పోతోందని వాళ్లకే కనిపిస్తుంది. మా దగ్గర ఒకమ్మాయి అది చూసి, ఎవరూ చెప్పకుండానే షీటు మొత్తం చెరిపేసింది.

ఇంకొకటి. స్టూడియో నేల మీద సుద్దముక్కతో 2.4 మీటర్ల కారిడార్, దాని మలుపు గీయించండి. రెండు మీటర్ల బల్లను స్ట్రెచర్ అనుకుని, ఎదురుగా ఇంకో బల్ల వస్తుండగా తిప్పమనండి. ర్యాంపూ అంతే. 1:12 వాలుతో, అంటే 12 మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తు చొప్పున, 3.6 మీటర్ల అంతస్తు ఎక్కాలంటే 43 మీటర్లకు పైనే కావాలి, మధ్యలో ఆగే చదును చోట్లు (ల్యాండింగులు) అదనం. వరండాలో టేపు పట్టి కొలిస్తే గానీ ఆ పొడవు బుర్రకెక్కదు.

భవన నిర్మాణ నిబంధనల పుస్తకం, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, ఆ తర్వాత తెరిపించండి. ఎలివేషన్‌కు చివరి మూడు వారాలు చాలు. చివర్లో డిజైన్లను పరిశీలించే జ్యూరీకి మాత్రం ఒక హెడ్ నర్సును తప్పకుండా పిలవండి.